ఖదాన్ బావి దండోరా

జీపు చర్చి ముందు ఆగిన దగ్గర పోయిన వారం కథ ఆపాం. అది ఎందుకు వచ్చిందో మరోసారి చెప్పుకుంటే కొత్తగా చదివేవారికి వీలుగా ఉంటుంది.

1965 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున తాండూరుకు అవతల, బషీరాబాద్ దారిలో ఉన్న బండమీదిపల్లి నాపరాయి గనుల పక్కన ఆకాశం నుంచి ఒక పెట్టె దిగింది. హైదరాబాద్‌లో శాస్త్రజ్ఞులు వదిలిన ప్లాస్టిక్ బెలూను కింద వేలాడుతూ ఇరవై మైళ్ళ ఎత్తుకు పోయి, పారాచూటు మీద తిరిగి వచ్చిన పెట్టె అది. తెరవవద్దు, పోలీసులకు తెలపండి అని దాని మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంది. వాడ యువజన సంఘం వాళ్ళు తెరవలేదు. పోలీసులకు తెలిపారు. దానితో పాటు ఇంకొక మాట కూడా తెలిపారు. వాడకు చేదబావి తవ్వించే ఉత్తరువు వచ్చేదాకా పెట్టె ఇవ్వబోమన్నారు.

ఆ వాడ తాగేది ఖదాన్ బావి నీళ్ళు. ఖదాన్ అంటే రాతి గని. రాయి అయిపోయాక వదిలేసిన గనిలో ఊట పడింది. రాతిలోనే మెట్లు చెక్కుకొని, కింద దాకా దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ నీళ్ళు తాగి ప్రతి ఎండాకాలం వాడలో సగం మంది నారికురుపుతో మంచాన పడతారు. సంఘం మూడుసార్లు అర్జీ పెట్టింది. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. ఆ జవాబు రాసిన తాలూకా రెవెన్యూ అధికారి, గిర్దావర్ నర్సప్పే ఆ మంగళవారం జీపులో వచ్చాడు. వెంట ఒక కానిస్టేబులు, పెట్టె తాలూకు శాస్త్రజ్ఞుడు చంద్రశేఖర్ ఉన్నారు.

నర్సప్ప కుర్చీలో కూర్చున్నాడు. ఆదివారం పాస్టరు కూర్చునే కుర్చీ అది. వాడలో ఇంకో కుర్చీ లేదు. చంద్రశేఖర్ చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. సంఘం కార్యదర్శి యోబు వాళ్ళ ఎదుట నిలబడ్డాడు. గని పనివాడు ఎల్లప్ప కొడుకు. వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి హెచ్చెస్సీ పాసయ్యాడు. అతని పక్కన మార్త ఉంది. మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంటూ సెలవు మీద వచ్చింది.

"ఏందిరా యోబూ, సర్కారు సొమ్ము దాసి సర్కారునే బెదిరిస్తున్నవట?" అన్నాడు నర్సప్ప.

"దాయలే సార్. ఎండల పడి ఉండె. నీడకు తెచ్చినం. చర్చి వెనక అర్రల పెట్టి తాళం ఏసినం. రాత్రి పగలు కావలున్నం."

"కావలి ఉండమని ఎవరు జెప్పిన్రు?"

"పెట్టె మీదనే రాసున్నది సార్, ఎవరు తెరవొద్దని. ఎవరు తెరవకుంట ఎవరో ఒకరు చూడాలె గద."

కానిస్టేబులు నవ్వబోయి గిర్దావర్ మొహం చూసి మానుకున్నాడు.

"నీకు బాయి లేదా? నేనే రాసిన రిపోర్టు. బండమీదిపల్లి వాడకు జలవసతి కలదు అని. సంతకం గుడ నాదే."

"ఉన్నది సార్. మెట్లు దిగి నీళ్ళల్ల నిలవడాలె. కాలుకు నారి ఎల్లినోళ్ళు గుడ గందులనే నిలవడాలె."

"మీ తాత దిగిండు. మీ నాయిన దిగిండు. నీకేమైతది?"

"మా తాతకు నారి ఎల్లింది. నాయినకు ఎల్లింది. నాకు రెండుసార్లు ఎల్లింది. చూపియ్యాల్నా?"

యోబు ప్యాంటు మోకాలి దాకా లాగాడు. పిక్క మీద రెండు మచ్చలు ఉన్నాయి. నర్సప్ప అటు చూడలేదు. తాండూరు నుంచి వెంట తెచ్చుకున్న కూజా ఎత్తి గుక్కెడు నీళ్ళు తాగాడు.

"సార్, చల్లగున్నయా?" అంది మార్త.

"ఆఁ."

"మా బాయిల నీళ్ళు అంతకన్న చల్లగుంటయి. ఒక్క చెంబు ముంచుకొస్తనుండ్రి."

"నాకు దూప లేదు," అన్నాడు నర్సప్ప మూతి తుడుచుకుంటూ.

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నారు.

చంద్రశేఖర్ లేచి నిలబడ్డాడు. అతనికి ఈ మాటలన్నీ కాలయాపనగా కనిపిస్తున్నాయి. "బావి సంగతి మీరు మీరు మాట్లాడుకోండి. ముందు నాకు పెట్టె చూపించండి. అందులో ఫోటో ప్లేట్ల లాంటివి ఉన్నాయి. ఆకాశంలో చాలా దూరం నుంచి కిరణాలు వస్తుంటాయి. కంటికి కనపడవు. పైన ఆ ఎత్తులో ఉన్నప్పుడు అవి ఆ ప్లేట్లలోంచి దూసుకుపోతూ గీతలు వదులుతాయి. ఆ గీతల కోసం రెండేళ్ళు పనిచేశాం. ఎండ వేడికి ఉంచితే గీతలన్నీ మాసిపోతాయి. మీరు ఇచ్చినా ఇక నాకు పనికిరాదు."

యోబు తల్లి రాహేలమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఎడమ కాలి మడమకు గుడ్డ కట్టి ఉంది.

"ఎంత ఎత్తుకు పోయిందయ్యా గది?"

"ఇరవై మైళ్ళమ్మా."

"మస్తు ఖర్చయి ఉంటది."

"అయింది."

"మాకు కిందికి పది గజాలు పోతె సాలు," అంది రాహేలమ్మ. "మీదికి పోవుడు కన్న కిందికి పోవుడు అగ్గువనే గద."

చంద్రశేఖర్ నర్సప్ప వైపు చూశాడు. నర్సప్ప జీపు వైపు చూశాడు.

"సరే, చూపిద్దం," అన్నాడు యోబు. "చూసి, బాగున్నదని మీ నోటితోనే చెప్పండ్రి. తర్వాత సార్‌తో మాట్లాడుకుంటం. మార్తా, తలుపు తియ్యి."

మార్త వెనక గదికి పోయింది. ఆమె తిరిగి రావడానికి పట్టవలసిన దానికంటే ఎక్కువసేపు పట్టింది. వచ్చి యోబు చెవిలో రెండు మాటలు చెప్పింది. అతను నర్సప్ప వైపు తిరిగాడు.

"పెట్టె ఉన్నది. అయితె ఏడున్నదో ఉత్తరువు వచ్చినంక చెప్తం."

"ఇప్పుడే చూపిస్తనంటివి గద?" అన్నాడు నర్సప్ప.

"సంఘం తీర్మానం మారింది సార్."

"ఎప్పుడు మారింది? నువ్వు ఇక్కడనే నిలవడ్డవు గద!"

ఆడవాళ్ళలో ఒకరు పకపకా నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది. యోబు వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. వాడంతటికీ తెలిసిన సంగతి ఏదో ఉందని, అది తెలియనివాళ్ళు సంఘం వాళ్ళేనని అతనికి అప్పుడు అర్థమైంది.

"అవ్వా, పెట్టె ఏది?"

"నన్నెందుకు అడుగుతవు? అగో, మీ నాయిన వస్తుండు. ఆయన్నడుగు."

ఎల్లప్ప మధ్యాహ్నం గంజి తాగడానికి గని నుంచి వస్తున్నాడు. భుజం మీద సుత్తె ఉంది. అతని కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. జీపు చూశాడు, కుర్చీలో గిర్దావర్‌ను చూశాడు, సుత్తె దించి దండం పెట్టాడు.

"నాయినా, అర్రల పెట్టె తీసినవా?"

"ఏం పెట్టె? గా టిక్‌టిక్ పెట్టెనా? తీసిన."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. కోడి కూసినంక."

"మేం వాకిట్ల కావలుంటిమి గద!"

"మీరు కావలున్నది ముందట వాకిలి. నేను పోయింది ఎనక తలుపు. చర్చి గంట కొట్టెటోన్ని, తాళంచెవి నాకాడ ఉండదా? మీ సంఘపోళ్ళు ఇద్దరు గోడకొరిగి గురక పెట్టవట్టిరి. లేపుదమనుకున్న. మంచి నిద్రల ఉన్నరని ఊకున్న."

నవ్వు ఈసారి కానిస్టేబులును కూడా వదలలేదు.

"ఎందుకు తీసినవు నాయినా?"

ఎల్లప్ప కొడుకు వైపు చూసి, లేని వేళ్ళ చేతిని పైకెత్తాడు. "గిందుకు. గనిల మందు పెట్టి నిప్పంటిస్తం. ఒక్కోపారి పేలదు. పేలలేదని దగ్గరకు పోయినోడు ఇంటికి రాడు. నేను వచ్చిన, రెండు వేళ్ళు ఆడనే ఉన్నయి. పేలని మందును ఏం జెయ్యాలె? నీళ్ళు పోసి ముంచాలె. ఒక రోజు ఇడిసిపెట్టాలె. మా మేస్త్రి మాకు నేర్పింది గదే. గా పెట్టెకు వైర్లున్నయి. లోపల టిక్‌టిక్ అంటుంది. మీదికెల్లి పడ్డది, పేలలేదు. దాన్ని తెచ్చి నువ్వు ప్రార్థన జేసే ఇంట్ల పెట్టినవు. నువ్వు ఆడనే పండుకుంటున్నవు. మీ అవ్వకు రెండు రాత్రులు నిద్ర లేదు."

"అది గడియారం!" అన్నాడు చంద్రశేఖర్. "బెలూను నుంచి తాడు తెంచే టైము కోసం పెట్టిన గడియారం!"

"గడియారమే అయ్యుండొచ్చు దొరా. మాకు చేతులు మళ్ళ మొలవయి."

"నీళ్ళల్ల ఏసినవా?" అన్నాడు యోబు. "నాయినా, నీళ్ళల్ల ఏసినవా?"

"ఏస్తె మునగలే. తేలింది. లోపలంత తెల్లటి బెండు లెక్కున్నది. మణుగు బండ కట్టి దింపిన."

"నన్నొక మాట అడగాలె గద."

"నిన్నడిగితె నువ్వు మీటింగు పెడ్తవు. అది పేలేదాంక మీరు మాట్లాడుకుంటనే ఉంటరు."

ఎవరూ నవ్వలేదు. యోబు మొహం చూసి ఆగిపోయారు.

"సర్కారుకు కావలసింది మన దగ్గర ఇప్పటిదాంక ఒక్కటి గుడ లేకుండె నాయినా. అర్జీలు పెట్టినం. వాటిని చింపిన్రో, చదివిన్రో తెల్వదు. ఇయ్యాల సార్ జీపు ఏసుకొని మన గుమ్మం దాంక వచ్చిండంటె గా పెట్టె కోసం వచ్చిండు. అవ్వ కాలు చూసి రాలే. గది కరాబు అయితె జీపు తిరిగిపోతది. మళ్ళ రాదు."

ఎల్లప్ప సుత్తె కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

నర్సప్ప కుర్చీలోంచి లేచాడు. పొద్దున తాలూకాకు కలెక్టరు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పెట్టె పదిలంగా చేరాలని, చేరకపోతే బాధ్యుడి పేరు రాసి పంపాలని. ఎవరి పేరో చెప్పలేదు. "నడువుండ్రి," అన్నాడు. "ఏ బాయి?"

"ఉన్నది ఒక్కటే బాయి సార్," అంది మార్త. "మీ రిపోర్టుల ఉన్నదే."

ఖదాన్ బావి వాడకు పడమట ఉంది. పైనుంచి చూస్తే గుంట. పొరలు పొరలుగా కోసిన రాయి, ఒక పొర లోపలికి, ఒక పొర బయటికి. పైనుంచి బొక్కెన దింపితే రెండో పొరకే తగిలి ఆగుతుంది. అందుకే అక్కడ గిలక పెట్టడానికి ఎవరూ ప్రయత్నించలేదు. మెట్లు ఇరుకు. ఒకరు ఎక్కుతుంటే ఒకరు ఆగాలి. కింద నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి.

ఎల్లప్ప ముందు దిగాడు. వెనక చంద్రశేఖర్, యోబు, మార్త. నర్సప్ప పైన ఒడ్డున ఆగాడు. అడుగున రాతిలో కొట్టిన ఇనుప మేకుకు తాడు కట్టి ఉంది. ఇటు పక్క ఆఖరి మెట్టు మీద మొగులమ్మ కూర్చొని ఉంది. ఎల్లప్పకు అక్క. కుడి కాలు నీళ్ళలో పెట్టుకుంది.

"అత్తా, లేవు," అంది మార్త. "నిన్న జెప్పిన, మొన్న జెప్పిన."

"మంట బిడ్డా. నీళ్ళల్ల పెడితె జర సల్లగుంటది. నువ్వు దవాఖానల ఏం జదివినవో, గీ మంటకు మందు జెప్పు, లేస్త."

"ఆమె కాలుకు ఏమైంది?" అన్నాడు చంద్రశేఖర్.

"నారి సార్. దారం లెక్క పురుగు, కాలులకెల్లి బయటికొస్తది. మూర పొడుగుంటది. కాలు నీళ్ళల్ల పెడితె దాని పిల్లలు నీళ్ళల్లకు పోతయి. గవే నీళ్ళు మేం తాగుతం. ఏడాదికి మా కాళ్ళకు ఎల్తయి. ఎవ్వరు నీళ్ళల్ల కాలు పెట్టకుంట ఉంటె రెండేళ్ళల్ల పోతది. గందుకే చేదబాయి అడుగుతున్నం. దిగేదే ఉండొద్దని."

చంద్రశేఖర్ మొహం కడుక్కోవడానికి వంగి ఉన్నాడు. చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. తర్వాత మళ్ళీ వంగి, తాడు పట్టుకొని మెల్లగా లాగాడు. ఎల్లప్ప సాయం పట్టాడు. నీళ్ళ కింద నుంచి తెల్లటి పెట్టె పైకి వచ్చింది. చెక్క చట్రం ఒక మూల విరిగింది. లోపల బెండు మధ్య అల్యూమినియం డబ్బా ఉంది. చంద్రశేఖర్ దాని మూత చుట్టూ వేలితో తడిమాడు. రబ్బరు పట్టీ ఒకచోట కొంచెం జరిగి ఉంది. తడి లోపలికి పోలేదు.

అతను జేబులోంచి థర్మామీటరు తీశాడు. ఎండలో కాసేపు పట్టుకున్నాడు, నీళ్ళలో కాసేపు ముంచాడు.

"బయట ఫారన్‌హీట్‌లో నూట ఆరు. ఇక్కడ డెబ్బై ఎనిమిది." అతను యోబు వైపు తిరిగాడు. "మీ చర్చి గదిలో ఈ మూడో రోజు కూడా ఉంచి ఉంటే ఈపాటికి ప్లేట్లు పోయేవి. మీ నాన్నగారు బతికించారు."

"పేలదా అయితె?" అన్నాడు ఎల్లప్ప.

"పేలదు."

"ఎందుకైన మంచిది, ఇయ్యాల్టి దినం నీళ్ళల్లనే ఉండనీ దొరా."

"అదే నేనూ చెప్పబోతున్నాను," అన్నాడు చంద్రశేఖర్. "దీన్ని ఇప్పుడు ఎండలో జీపులో పెట్టి తీసుకుపోకూడదు. తాండూరు పోయి ఫోను చేస్తాను. రేపు సాయంత్రం రైలుబండికి హైదరాబాద్ నుంచి ఐసు పెట్టె వస్తుంది. అప్పటిదాకా ఇది ఇక్కడే, ఇదే లోతులో వేలాడుతూ ఉండాలి. పట్టీ జరిగి ఉంది. రాతికి ఒక్క దెబ్బ తగిలినా నీళ్ళు లోపలికి పోతాయి. ఎవరూ దిగకూడదు. కడవ ముంచకూడదు."

పెట్టెను మళ్ళీ నీళ్ళలోకి దింపారు. మొగులమ్మను మార్త పట్టుకొని లేపింది. అందరూ పైకి వచ్చారు. చంద్రశేఖర్ అదే మాట నర్సప్పకు చెప్పాడు. ఎవరైనా దిగితే కలెక్టరుగారికి తానే చెప్పవలసి వస్తుందని కూడా చెప్పాడు. చెప్పి, జీపు ఎక్కి తాండూరు వెళ్ళిపోయాడు.

నర్సప్ప ఊపిరి పీల్చుకున్నాడు. పెట్టె దొరికింది, పదిలంగా ఉంది, చేదబావి మాట ఇవ్వకుండానే పని అయింది. "యోబూ, ఇప్పుడు నీ కాడ ఏమున్నది?" అన్నాడు. యోబు దగ్గర ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"హన్మయ్య ఏడి? పిలువుండ్రి. దండోరా ఎయ్యాలె."

హన్మయ్య డప్పు వెచ్చ చేసుకొని వచ్చాడు. బండమీదిపల్లికి దండోరా వేసేది అతనొక్కడే. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. అధికారి చెప్పిన మాటకు ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. బయలుదేరే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఎవరి హుకుం, ఎప్పటిదాకా, వద్దన్నదాని బదులు ఏం చెయ్యాలి. అడవి మూసినప్పుడు పశువులు ఎక్కడ మేపాలో చెప్పాలి. దారి మూసినప్పుడు ఏ దారిన పోవాలో చెప్పాలి. ఆ మూడో సంగతి చెప్పకపోతే జనం వచ్చి తనతో కొట్లాడతారని హన్మయ్యకు అతని తండ్రి చెప్పాడు.

"ఖదాన్ బాయిల ఎవ్వరు దిగొద్దు," అన్నాడు నర్సప్ప. "దిగినోన్ని టేషనుకు తోలుడే."

"మంచిది దొరా. ఎవరి హుకుం?"

"నాదే. తాండూరు గిర్దావర్ నర్సప్పది అని చెప్పు."

"ఎప్పటిదాంక?"

"రేపు పొద్దుమూకేదాంక."

"మరి నీళ్ళు యాడికెల్లి తెచ్చుకోవాల్నో గది గుడ జెప్పాలె గద దొరా?"

యోబు నోరు తెరిచాడు. మార్త అతని కాలు తొక్కింది. అతను నోరు మూసుకున్నాడు.

నర్సప్పకు ఆకలిగా ఉంది. పై కులాలవాళ్ళు ఉండే పెద్దూరులో, ఊరి పెద్ద పటేలు ఇంటి నుంచి అన్నం వచ్చింది. కానిస్టేబులు వేపచెట్టు కింద గిన్నె మూత తీస్తున్నాడు. "నన్నెందుకు సతాయిస్తవురా? నీళ్ళు ఏడుంటె ఆడ తెచ్చుకోమను. పో."

హన్మయ్య పోలేదు. చెప్పిన మాట ఒకసారి తిరిగి అప్పజెప్పడం కూడా పద్ధతిలో ఉంది. "ఖదాన్ బాయిల ఎవ్వరు దిగొద్దు. రేపు పొద్దుమూకేదాంక. నీళ్ళు ఏడుంటె ఆడ తెచ్చుకోవాలె. తాండూరు గిర్దావర్ నర్సప్ప సారు హుకుం. గంతేనా దొరా?"

"గంతే. నడువ్."

డప్పు మొదట వాడలో మోగింది. మూడు చోట్ల ఆగి, మూడు చోట్లా అదే మాట అదే వరసలో చెప్పాడు. తర్వాత చప్పుడు పెద్దూరు వైపు పోయింది. నర్సప్ప అన్నంలో పప్పు కలుపుకుంటూ విన్నాడు. దూరం నుంచి గాలికి మాటలు తెగి తెగి వచ్చాయి. దిగొద్దు అన్నది వినిపించింది. తన పేరు వినిపించింది. బాగానే ఉందనుకున్నాడు.

వాడలో రాహేలమ్మ ఇంట్లోంచి కడవ తెచ్చి నెత్తి మీద పెట్టుకుంది. ఆమెను చూసి పక్కింటి ఆమె తెచ్చుకుంది. కాసేపటికి చర్చి ముందు ఆడవాళ్ళు కడవలతో వరసగా నిలబడ్డారు. బండమీదిపల్లిలో గిలక ఉన్న బావి ఒక్కటే. అది పెద్దూరులో పటేలు వాకిటి ఎదుట ఉంది. వాడవాళ్ళు ఆ దారిన పోయేటప్పుడు దానికి ఆమడ దూరం నడుస్తారు.

యోబు, సంఘం వాళ్ళు పరుగెత్తి ముందు నిలబడబోయారు. రాహేలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఎనక రాండ్రి. మొగోళ్ళు ముందటుంటె లొల్లికి వచ్చిన్రంటరు. కడవలు ముందటుంటె నీళ్ళకు వచ్చిన్రంటరు."

"అవ్వా, వాళ్ళు కొడితె?"

"సర్కారు హుకుం మీద పోయేటోళ్ళను ఎట్ల కొడ్తర్రా? నీకు సదువచ్చింది గద, నువ్వే జెప్పు."

"చేద లేదు, తాడు లేదు. వాళ్ళ చేద ముట్టనియ్యరు."

ఎల్లప్ప అప్పటికే ఇంట్లోకి పోయి వచ్చాడు. భుజం మీద గనిలో బండలు లాగే మోకు ఉంది. చేతిలో ఇంటి బొక్కెన ఉంది. ఆడవాళ్ళ వెనక, కొడుకు పక్కన వచ్చి నిలబడ్డాడు. "పా," అన్నాడు.

వరస కదిలింది. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. రాహేలమ్మ మడమ నొప్పికి మెల్లగా నడుస్తున్నందువల్ల అందరూ మెల్లగానే నడిచారు.

చెయ్యి కడుక్కుంటూ నర్సప్ప ఆ వరసను చూశాడు. "ఎటు పోతున్నరు వాళ్ళు?"

"నీళ్ళకు సార్," అన్నాడు కానిస్టేబులు.

"ఏ నీళ్ళకు?"

"ఏడుంటె ఆడికి."

నర్సప్ప తడి చేతితోనే లేచాడు. జీపు కోసం చూశాడు. జీపు తాండూరులో ఉంది. పరుగెత్తాడు. కానిస్టేబులు టోపీ వెతుక్కొని వెనకాల పరుగెత్తాడు.

పెద్దూరు బావి దగ్గర పటేలు భార్య లక్ష్మమ్మ నీళ్ళు చేదుతోంది. పనిమనిషి ఆ రోజు రాలేదు. పటేలు, కొడుకులు తాండూరు అంగడికి పోయారు. చుట్టుపక్కల వాకిళ్ళలో మనుషులు ఉన్నారు. దండోరా విని బయటికి వచ్చినవాళ్ళు ఇంకా లోపలికి పోలేదు. హన్మయ్య డప్పు చంకన పెట్టుకొని బావికి అవతల బీడీ కాలుస్తున్నాడు.

లక్ష్మమ్మ వరసను చూసింది. చేద సగం పైకి వచ్చి ఉంది. తాడు వదలలేదు, లాగలేదు.

"ఏందే రాహేలూ, గిటు మర్లిన్రు?"

"దండోరా ఇనలేదా పటేలమ్మా?"

"ఇన్న. మీ బాయిల దిగొద్దన్నరు."

"ఎనక మాట గుడ ఇన్నవు గద. నీళ్ళు ఏడుంటె ఆడ తెచ్చుకోమన్నరు. బషీరాబాద్ దాంక పోదమంటె నా కాలు నడవదు."

రాహేలమ్మ కడవ దించి బావి గట్టు మీద పెట్టింది. రాతి మీద మట్టి కడవ తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. వాకిళ్ళలో నుంచి ఇద్దరు మగవాళ్ళు ముందుకు వచ్చారు. యోబు ఒక అడుగు వేశాడు. ఎల్లప్ప అతని చొక్కా పట్టుకున్నాడు.

అప్పుడే నర్సప్ప ఆయాసపడుతూ వచ్చాడు. మీసానికి పప్పు మెతుకు అంటుకొని ఉంది. లక్ష్మమ్మ రాహేలమ్మ తల మీదుగా అతని వైపు చూసింది. గంట కింద అతనికి అన్నం పంపింది ఆమే.

"నర్సప్ప సారూ, గిది నీ హుకుమేనా?"

నర్సప్ప హన్మయ్య వైపు చూశాడు. అవునంటే రేపటి నుంచి పెద్దూరులో అతనికి అన్నం పెట్టేవాళ్ళు ఉండరు. కాదంటే దండోరా అంతా రద్దయినట్టే. ఈ కడవలన్నీ తిరిగి ఖదాన్ బావిలోకి దిగుతాయి. పెట్టె రాతికి తగులుతుంది. కలెక్టరు అడిగిన పేరు అతనిదే అవుతుంది.

యోబుకు అది అర్థమైంది. పెట్టె రెండు రోజులు తన చేతిలో ఉన్నప్పుడు కూడా గిర్దావర్ ఇంతసేపు ఆలోచించలేదు.

హన్మయ్య బీడీ పారేసి, డప్పు పుల్లలు చేతిలోకి తీసుకొని దగ్గరికి వచ్చాడు.

"జెప్పుండ్రి దొరా," అన్నాడు. "అవునంటె నేను ఇంటికి పోత. కాదంటె మళ్ళ ఊరంత తిరగాలె."